అయిదు వేల ఏడు నూర్ల ఎర్ర పెట్ట

నవ్వుకోండి, పర్వాలేదు. ఈపాటికి జమ్మలమడుగులో సగంమంది నవ్వేసినారు, మీరెందుకు వెనకపడాల! మా ఇంట్లో పుట్టి, మా గింజలు తిని, మా మంచం కింద గుడ్లు పెట్టిన కోడిపెట్టను మళ్ళీ మా ఇంటికే తెచ్చుకోవడానికి మా ఇంట్లోనుంచి పోయిన సొమ్ము అక్షరాలా అయిదు వేల ఏడు నూర్లు. బజార్లో దాని ధర నాలుగున్నర నూరు. ఇంత గొప్ప బేరం చేసింది ఎవరనుకుంటున్నారు? పిల్లలకు దుడ్లు ఎట్ల జాగ్రత్తగా వాడుకోవాలో ఏడాదిగా పాఠం చెప్తున్న టీచరమ్మ. అంటే నేనే.

ముందు నా గొప్పలు రోంత చెప్పుకోనీండి. అప్పుడే పడిపోయిన ఎత్తు బాగా తెలుస్తుంది.

ఇంటర్ తర్వాత నేను చదువు ఆపేసినా. ఒక చోట కుదురుగా కూర్చోలేని రోగం నాది. కుట్టుమిషన్ నేర్చుకున్నా, వదిలేసినా. బ్యూటీ పార్లర్ పని నేర్చుకున్నా, మా పెద్దమ్మకు ఒక కనుబొమ్మ పూర్తిగా పోయినాక అదీ వదిలేసినా. ఆఖరికి ఫోన్లో వీడియోలు చూసి చూసి అకౌంట్ల పని పట్టుకున్నా. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో బిల్లింగ్ కౌంటర్ నాది. మళ్ళీ బుద్ధి పుట్టి ఓపెన్ డిగ్రీకి కట్టినా. మొదటి సంవత్సరం పాసయినా కూడా! ఆ పాసవడమే కొంప ముంచింది, ఉండండి, చెప్తా.

పోయినేడు మా చర్చిలో కిరణ్ అని పద్నాలుగేళ్ళ పిల్లోడు వాళ్ళమ్మ ఫోన్లోనుంచి పన్నెండు నూర్లు పెట్టి కత్తి కొన్నాడు. ఉల్లిగడ్డలు కోసే కత్తి అయినా బాగుండు. ఫోన్ ఆటలో కత్తి! ఆ ఆదివారం ఆరాధన అయినాక వాళ్ళమ్మ పాస్టరమ్మ దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. పాస్టరమ్మ ఆమె వీపు నిమురుతానే నా వైపు చూసింది.

"ఎస్తేరూ, నువ్వు లెక్కలు చూసే పిల్లవి కదా. ఈ పిల్లోళ్ళకు రోంత బుద్ధి చెప్పమ్మా."

అంతే. నన్ను ఎవరైనా 'నువ్వు తెలిసినదానివి' అంటే చాలు, గాల్లోకి లేస్తా. ప్రతి ఆదివారం అరగంట క్లాసు మొదలు. ఏడుగురు పిల్లలు, పదమూడు నుంచి పదహారేళ్ళ లోపు వాళ్ళు. నేనే సూత్రాలు తయారు చేసినా. ఏదన్నా కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాల: కావాలా? ఇప్పుడే కావాలా? ఇంత పెట్టి కావాలా? ఇంకొకటి, కవర్ల పద్ధతి. ఏ ఖర్చుకు ఆ కవరు, దాని మీద పేరు. ఒక కవర్లో దుడ్లు ఇంకో ఖర్చుకు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే? "చెయ్యి విరిగినట్టే అక్కా!" అని ఏడుగురూ ఒక్కసారి అరవాల. అట్ల నేర్పించినా.

ఆ ఏడుగురిలో సలోమి అని ఒక పిల్ల ఉంది. పదిహేనేళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. కొండాపురం దగ్గర వాళ్ళ ఊరు రిజర్వాయరు నీళ్ళలోకి పోతే, వచ్చి మా వెనక వీధిలో బాడుగకు చేరినారు. మొదటి క్లాసులో 'మీ ఇంట్లో దుడ్లు ఎట్ల ఖర్చవుతాయో చెప్పండి' అంటే ఆ పిల్ల లేచి చెప్పింది.

"పరిహారం వచ్చినప్పుడు మా నాయిన బండి కొన్నాడక్కా. మళ్ళ పెద్ద టీవీ కొన్నాడు. మళ్ళ పెట్రోలుకు లేక బండి అమ్మినాడు. టీవీ ఉంది. ఇల్లు లేదు."

చెప్పేసి కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, "సరే, ఇప్పుడు పొదుపు అంటే ఏంటంటే..." అని బోర్డు మీద రాయడం మొదలుపెట్టినా. ఎవరికి ఎవరు పాఠం చెప్పాలో ఆ రోజే తెలిసిపోవాల్సింది. తెలీలేదు.

ఒక్క మంచి పని మాత్రం జరిగింది. పిల్లలు ఒక బిస్కెట్ డబ్బాకు తాళం వేసి, వారానికి తలా పది రూపాయలు వేసుకోవడం మొదలుపెట్టినారు. అందరూ కలిసి గండికోట పోవాలని. డబ్బాకు ఒక రూల్స్ పుస్తకం. రూల్స్ చెప్పింది నేను, రాసింది నేను, కింద సంతకం పెట్టింది కూడా నేనే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇంక పోయిన నెల కోతల పండుగ. ఆ రోజు మా చర్చికి ఎవరి చేలో పండింది వాళ్ళు, ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు తెచ్చిస్తారు. శెనక్కాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, నిమ్మకాయలు. ఆరాధన అయినాక అన్నీ వేలం పాటకు పెడతారు. వచ్చిన దుడ్లు చర్చికి. అక్కడ బజారు ధరలు చెల్లవు. ఒక్క నిమ్మకాయ రెండు నూర్లకు పోతుంది, పాడుకున్నోళ్ళు మీసం తిప్పుకుంటా ఇంటికి పోతారు.

నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ప్రాక్టికల్ క్లాసు! పాటలో మనుషులు ఎట్ల ఊగిపోతారో పిల్లలకు కళ్ళారా చూపిస్తా, ఊగకుండా ఎట్ల నిలబడాలో నేను చేసి చూపిస్తా.

ఈ ఆలోచన వెనక ఇంకొక ఆలోచన ఉంది, అది పిల్లలకు చెప్పలేదు. నేను పాసయితే ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఇస్తానని మా అమ్మ దేవునికి మొక్కుకుంది. మా ఇంట్లో మంచిదంటే ఏముంది? ఫ్రిజ్ తలుపుకు దారం కట్టుంటాది. టీవీ రిమోట్‌కు వెనక మూత లేదు. వెతగ్గా వెతగ్గా అన్ని భాగాలూ సరిగ్గా ఉన్నది ఎర్ర పెట్ట ఒక్కటే. అమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది. ఇంటికొచ్చినాక నాతో మాట్లాడే దానికంటే ఆ కోడితోనే ఎక్కువ మాట్లాడుతుంది. పండుగ ముందు రోజు దాని కాళ్ళకు గుడ్డపీలిక కడతా, "పోయిరామ్మా, ఎవురింట్లో ఉన్నా బాగా తిను" అని ముక్కు చీదింది. సరే, నేనే పాడుకుని సాయంత్రానికి అమ్మ ముందర పెడదాం అనుకున్నా. ఇచ్చింది దేవునికి చేరిపోయింటాది, పాడి తెచ్చుకుంటే తప్పేం లేదు. శానామంది అట్లే తెచ్చుకుంటారు.

నా పర్సులో మూడు కవర్లు. ఒకటి 'పాట', అందులో అయిదు నూర్లు. ఒకటి 'బస్సు', అందులో యాభై. మూడోది 'డిగ్రీ ఫీజు', అందులో రెండు వేల నాలుగు నూర్లు. మంగళవారం ఆఖరు రోజు. అది పోతే ఏడాది పోయినట్టే, నా సంగతి నాకు తెలుసు, ఏడాది ఆగితే ఇంకేదో పని మీదికి మనసు పోతుంది. సోమవారం పొద్దున్నే కట్టేద్దామని దగ్గర పెట్టుకున్నా.

షామియానా కింద చివర్లో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టినా.

"బాగా చూడండి. నా లిమిట్ అయిదు నూర్లు. దాని మీద ఒక్క రూపాయి అయినా నా చెయ్యి లేవదు. చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాయండి. మధ్యలో ఎవరూ నన్ను కదిలించొద్దు. సందేహాలు చివర్లో!"

మొదట గుమ్మడికాయ. మూడు నూర్ల దాకా పాడి ఆపేసినా. పిల్లలు రాసుకున్నారు. పులివెందుల నుంచి ఎవరో తెచ్చిన అరటి గెల. నాలుగు నూర్లు, ఆపేసినా. "చూసినారా? మనసు లాగుతాంది, అయినా చెయ్యి లేవలేదు" అన్నా. కిరణ్ నోరు తెరుచుకుని చూస్తాండాడు. నేనేదో కొండ ఎక్కినట్టు!

అప్పుడొచ్చింది ఎర్ర పెట్ట.

మైకు దగ్గర దావీదు సార్. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. కోడిని పైకెత్తి పట్టుకున్నాడు.

"చూడండప్పా, కన్నూ ముక్కూ ఎంత లక్షణంగా ఉందో! దినానికొక గుడ్డు, ఆదివారం సెలవు కూడా లేదు! రెండు నూర్లు ఎవురు?"

చెయ్యెత్తినా. ముందు వరసలో కుర్చీలోనుంచి ఒక వేలు లేచింది. ఎరువుల అంగడి రత్నం మామ. రెండున్నర. నేను మూడు. వేలు లేచింది. నాలుగు. వేలు. అయిదు నూర్లు నేను. ఆ మనిషి వెనక్కి తిరిగి నన్ను చూసి చిన్నగా నవ్వి, మళ్ళా వేలెత్తినాడు.

ఆ నవ్వు చూడాల్సింది మీరు! ఈ మనిషి మా అమ్మ కోడిని తీసుకపోయి రాత్రికి పులుసు పెట్టుకుని తింటాడు, ఇట్లే నవ్వుకుంటా తింటాడు అనిపించింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"అక్కా, అయిదు నూర్లు అయిపోయినాయి" అన్నాడు కిరణ్.

"ఇది వేరే రా."

"ఎట్ల వేరే అక్కా?"

"సందేహాలు చివర్లో!"

సలోమి మంచినీళ్ళకని చర్చి వెనక వంటల దగ్గరికి పోయింటే, అప్పుడే పరిగెత్తుకుంటా వచ్చింది. ధర తొమ్మిది నూర్లలో ఉంది. ఆ పిల్ల చెయ్యెత్తింది. "అక్కా, ఒక మాట..."

"చివర్లో!"

వెయ్యి దాటినాక నూరు నూరు పెంచుతున్నాం. ఫీజు కవరు ఎప్పుడు చింపినానో నాకు గుర్తు లేదు. పద్నాలుగు నూర్ల దగ్గర సలోమి మళ్ళీ నా కొంగు లాగింది. నేను కళ్ళెర్రజేసినా. పంతొమ్మిది నూర్ల దగ్గర నోటుబుక్కులోనుంచి కాగితం చింపి ఏదో రాసి నా చేతిలో పెట్టింది. 'పాపం, ఎంత ఆసక్తి ఈ పిల్లకు, సందేహం రాసి మరీ ఇచ్చింది' అని మురిసిపోయి, మడిచి పర్సులో వేసుకున్నా.

రెండు వేల అయిదు నూర్లు. రెండు వేల ఎనిమిది నూర్లు, రత్నం మామ. నేను లేచి నిలబడినా.

"రెండు వేల తొమ్మిది నూర్లు!"

రత్నం మామ చొక్కా జేబులోనుంచి నోట్లు తీసి లెక్కపెట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! చప్పట్లే చప్పట్లు. దావీదు సార్ కోడిని తెచ్చి నా చేతుల్లో పెట్టినాడు. పిల్లల వైపు గర్వంగా తిరిగినా. ఏడుగురిలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అంతలో చర్చి వెనకనుంచి గరిటె పట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని మా అమ్మ వచ్చింది. వంటల దగ్గరికి మైకులో ధర వినపడుతుంది గానీ పాడేదెవరో కనపడదు కదా.

"ఎవురు? రత్నం అన్నను మించి నా పెట్టను ఎత్తకపోయింది ఎవురు? దుడ్లు ఎక్కువై కొట్టుకుంటాందా ఆయమ్మకు? ఇంట్లో అడిగేవాళ్ళు లేరా? పెంచినోళ్ళు బుద్ధి చెప్పలేదా దానికి?"

జనమంతా నా వైపు తిరిగినారు. కోడి కూడా మెడ తిప్పి నన్నే చూసింది.

"నువ్వామ్మే?" అంది అమ్మ.

"అంటే... రత్నం మామ పాడింది నీకోసమా?" అన్నా నేను.

సంగతేంటంటే, అమ్మకు కోడి మీద బెంగ. చీరల చీటీ ఎత్తుకున్న దుడ్లలో రెండు వేల ఎనిమిది నూర్లు రత్నం మామ చేతిలో పెట్టి, ఎంతకైనా సరే నా పెట్టను నాకు తెచ్చియ్యన్నా అనింది. నేను మామ మీదికి పోయినా.

"మామా, పాడేది నేనని కనపడతానే ఉంది కదా! ఒక్క మాట చెప్పుంటే ఏం పోయింది?"

"మీయమ్మ ఎవురికీ చెప్పొద్దనె. ముఖ్యంగా నీకు. చెప్తే మూడు ప్రశ్నలు అడుగుతావంట. నేను మాట తప్పే మనిషిని కాదు పాపా."

"మరి రెండు వేల ఎనిమిది నూర్ల దాకా వేలు ఎట్ల లేసింది మామా?"

"నావి కాదు కదా దుడ్లు. హాయిగా లేసింది."

అప్పుడు గుర్తొచ్చి పర్సులో కాగితం తీసినా. సలోమి గుండ్రటి రాత. 'అక్కా, ఆ మామ మీ అమ్మ తరపున పాడుతున్నాడు. వంటల దగ్గర మీ అమ్మే నోరు జారి చెప్పింది. మీరు ఆపేస్తే కోడి మీ ఇంటికే వస్తుంది.'

పంతొమ్మిది నూర్ల దగ్గర ఇచ్చింది ఆ కాగితం! నేను మురిసిపోయింది దాన్ని చూసే!

సరే, అయినా కొంప మునగలేదు అనుకున్నా. రత్నం మామ అమ్మ దుడ్లు అమ్మకు తిరిగిచ్చేసినాడు. రెండు వేల ఎనిమిది నూర్లు. నా ఫీజు రెండు వేల నాలుగు నూర్లు. గుండె కుదుటపడింది. "అమ్మా, ఆ దుడ్లు..." అని నేను అనేలోపల అమ్మ కానుకల పెట్టె దగ్గర ఉంది.

"దేవునికని తీసినవి. కోడి ఎట్లయినా ఇంటికొచ్చె. నేను మాట తప్పితే బాగుండదు."

ఒక్కొక్క నోటే మడిచి వేసింది. పెట్టె కంత సన్నది, అందుకని నిదానంగా వేసింది. ప్రతి నోటూ నేను చూసినా. పాస్టరమ్మ "ఆమెన్" అనింది, అంత గట్టిగా ఆమె క్రిస్మస్‌కు కూడా అనదు.

భోజనాలయినాక పిల్లలు నోటుబుక్కులు చదివి వినిపించినారు. ప్రాక్టికల్ క్లాసు కదా, తప్పదు. కిరణ్ లేచి చదివినాడు: "ఒకటి. అక్క అయిదు నూర్ల దగ్గర ఆపలేదు. రెండు. అక్క ఫీజు కవరు చింపింది. మూడు. రోషం వల్ల వస్తువుల ధర పెరుగును."

"కవరు చింపితే?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"చెయ్యి విరిగినట్టే అక్కా!" అని ఏడుగురూ ఒక్కసారి అరిచినారు.

ఇంక సిగ్గు విడిచి అడగక తప్పలేదు. జీతానికి ఇంకా పది రోజులుంది. అంగట్లో అడ్వాన్సు మాట ఎత్తితే మా ఓనరు చెవులు వినపడనట్టు క్యాలెండరు చూస్తాడు. నాయినది చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఆయన జీతం బాడుగకూ బియ్యానికీ పోతుంది. నాకు తెలిసి చేతిలో రొక్కం ఉన్న ఒకే ఒక సంస్థ ఆ బిస్కెట్ డబ్బా. పిల్లలు చర్చి మెట్ల మీద కూర్చున్నారు. నేను కింద నిలబడినా, చంకలో కోడితో.

సలోమి రూల్స్ పుస్తకం తీసింది. "నాలుగో రూలు. తెలివితక్కువ ఖర్చుకు డబ్బాలోనుంచి అప్పు లేదు. మీ సంతకమే అక్కా."

నా సంతకమే. కింద గీత కూడా గీసినా, అందంగా.

"కాబట్టి ఇయ్యలేము కదా?" అన్నాడు కిరణ్, పాపం బాధగానే. ఇద్దరు ముగ్గురు తల ఊపినారు. అది వాళ్ళ గండికోట సొమ్ము. ఇస్తే ప్రయాణం వెనక్కి పోతుంది. నా ఏడాది అక్కడే ఆవిరైపోతున్నట్టు కనపడింది. కోడిని గట్టిగా పట్టుకున్నట్టున్నా, అది కీచుమంది.

"ఉండండి" అంది సలోమి. నా వైపు తిరిగింది. "ఫీజు కావాలా అక్కా?"

"కావాల."

"ఇప్పుడే కావాలా?"

"మంగళవారం ఆఖరు."

"ఇంత పెట్టి కావాలా?"

"ఫీజు అంతే, తగ్గదు."

ఆ పిల్ల మిగతావాళ్ళ వైపు తిరిగి అంది: "ఫీజు తెలివితక్కువ ఖర్చు కాదు. కోడి ఒక్కటే తెలివితక్కువ. మనం కోడికి ఇయ్యడం లేదు, ఫీజుకు ఇస్తాండాం."

చెయ్యెత్తమన్నారు. అరగంట వాదించుకుని, ఒకరి తర్వాత ఒకరు, ఏడు చేతులూ లేచినాయి. నేను రెండు వేల తొమ్మిది నూర్లు పోగొట్టింది అయిదు నిమిషాల్లో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, నిజం. ఈ క్లాసు వృథా పోలేదనిపించింది. ఎవరికి ఎక్కిందనేది వేరే సంగతి.

షరతులు వినండి. మూడు నెలల్లో మూడు కంతులు, నెలకు ఎనిమిది నూర్లు. మా అమ్మ జామీను సంతకం. కోడి కుదవ.

"కోడిని కుదవ పెట్టుకోవడమేందే?"

"ప్రొద్దుటూరులో బంగారు పెట్టుకోకుండా ఎవురన్నా అప్పిస్తారా అక్కా? మీ దగ్గర బంగారు లేదు కదా. వడ్డీ వద్దు. పెట్టిన గుడ్లు డబ్బాకు."

అట్ల ఎర్ర పెట్ట సలోమి వాళ్ళింటికి పోయింది. ఆ రాత్రి నాయిన పని నుంచి వచ్చి, సంగతంతా విని, శానాసేపు ఆలోచించి ఒకటే అడిగినాడు: "అయితే ఈరోజు కూర లేదా?" అమ్మ రోజూ సాయంత్రం గుప్పెడు జొన్నలు కొంగున కట్టుకుని వెనక వీధికి పోతాంది, కోడిని పలకరించడానికి. అక్కడే సలోమి వాళ్ళమ్మతో స్నేహం కుదిరింది. ఇప్పుడు కోడి కంటే ఎక్కువ ఆమెతోనే మాట్లాడుతుందంట.

ఫీజు కట్టేసినా. రెండో సంవత్సరం పుస్తకాలు కూడా వచ్చినాయి. ఈ అనుభవం ఇట్ల రాయడం కూడా అప్పు షరతుల్లో ఆఖరుది: జరిగింది జరిగినట్టు, గొప్పలు లేకుండా రాసి క్లాసులో చదవాల. సలోమి ముందే చదివి, 'కొండ ఎక్కినట్టు' అనే చోట పెన్సిల్‌తో గీత పెట్టింది. నేను తీసెయ్యలేదు, ఏడాదిలో నాకు మిగిలిన గొప్ప అదొక్కటే.

మొన్న ఆదివారం మొదటి కంతు కట్టినా. దాంతోపాటు అంగట్లో కొన్న ఎనిమిది గుడ్లు కూడా ఇచ్చినా. ఎందుకంటే ఇల్లు మారిందని అలిగి కోడి ఎనిమిది రోజులు గుడ్డే పెట్టలేదు, ఆ లోటు నేను పూడ్చాలంట.

"ఇది ఏ లెక్క సలోమీ? కోడి పెట్టకపోతే నేనెందుకు కట్టాల?" అని గట్టిగానే అడిగినా.

ఆ పిల్ల రసీదు రాస్తా తల కూడా ఎత్తలేదు.

"సందేహాలు చివర్లో అక్కా."